గుండె ఆయనది, నేరం మాత్రం మూకుడిదా?

ఎవరింట్లోనైనా మగాయనకి గుండెనొప్పి వచ్చిందనుకోండి. పరామర్శకొచ్చిన వాళ్ళు నాలుగు బత్తాయిలు బల్ల మీద పెట్టి, "ఎలా ఉంది బాబాయ్?" అని ఆయన్ని పలకరించి, తరవాత వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి ఇల్లాలిని ఒక మాట అడుగుతారు. "నూనె బాగా వాడతావా పిన్నీ?"

అడిగేవాళ్ళకి చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. కానీ ఆ ప్రశ్నలోనే తీర్పు ఉంది. గుండె ఆయనది. రోజుకి అరపెట్టె సిగరెట్లు ఆయనవి. రాత్రి పదకొండింటికి కూడా ఫోన్లో అరిపించే ఉద్యోగం ఆయనది. బోనులో నిలబడేది మాత్రం మూకుడు, మూకుడు పట్టుకున్న చెయ్యి.

మా బావగారికి స్టెంటు వేశాక, ఇంటికి పంపే రోజున డైటీషియన్ అమ్మాయి వచ్చింది. మంచం మీద పేషెంటు కూర్చునే ఉన్నారు. ఆయనేమీ చదువురాని మనిషి కాదు, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు. ఆ పిల్ల ఆయన మొహంలోకి కూడా చూడకుండా కాగితం తీసుకెళ్ళి మా అక్క చేతిలో పెట్టింది. "అమ్మా, ఇవన్నీ మీరు జాగ్రత్తగా చూసుకోవాలి" అంది. కాగితంలో ఓట్సు, ఆలివ్ నూనె, అక్రోట్లు, రోజూ రెండు రకాల పండ్లు. అక్కా వాళ్ళుండే ఊళ్ళో ఓట్సు ఒక్క కొట్లో దొరుకుతాయి, ఆలివ్ నూనె పసిపిల్లల ఒంటికి రాసే సీసా తప్ప ఇంకోటి తెలీదు. పండ్లు రోజూ రెండు రకాలంటే నెలకెంతవుతుందో లెక్కల మాస్టారే వేసి చెప్పాలి. సిగరెట్టు గురించి ఒక లైను ఉంది, కింద, చిన్న అక్షరాల్లో. అదీ అక్క చేతికే వచ్చింది!

వంటకీ గుండెకీ సంబంధం లేదని నేను అనడం లేదు. అలా అంటే మీరే నన్ను గరిటెతో కొడతారు. ఉప్పు సంగతే చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు చాలంటుంది, అంటే చెంచాడు. మన దేశంలో సగటున తినేది దాదాపు దానికి రెట్టింపు. ఆవకాయ, మాగాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ, కారప్పొడి, పెరుగన్నంలో మళ్ళీ చిటికెడు. మనింట్లో ఉప్పు ఎన్ని దారుల్లో వస్తుందో మనకి తెలిసినంత ఏ డాక్టరుకీ తెలీదు. ఉప్పుతో రక్తపోటు, రక్తపోటుతో గుండె, ఈ గొలుసు నిజమే. మా ఇంట్లో అన్నంలో ఉప్పు వెయ్యడం మానేశాం, పచ్చడి జాడీ బల్ల మీద నుంచి అలమరలోకి వెళ్ళింది. నా పోట్లాట దాని మీద కాదు. ఊరందరి గుండెల్ని ఊరందరి వంటిళ్ళే పాడు చేశాయి, కాబట్టి ఆడవాళ్ళు సరిచేస్తే సరిపోతుందనే ఆ మాట మీద.

పల్లెటూళ్ళలో ఈ రోగాలు ఉండవనుకునే వాళ్ళం కదా. గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో 2003, 2004 ప్రాంతంలో ఇంటింటికీ వెళ్ళి, చనిపోయిన ప్రతి మనిషీ దేనివల్ల పోయారో అడిగి రాసుకున్నారు. గుండె, పక్షవాతం లాంటి రక్తప్రసరణ జబ్బులే అన్నిటికన్నా పైన తేలాయి, మొత్తం చావుల్లో మూడో వంతుకి దగ్గరగా. అంటు రోగాలు వెనకబడ్డాయి. పచ్చని పొలాలు, ఇంటి పాడి, పెరట్లో పాదు ఉండే ఊళ్ళవి. ఆ 45 ఊళ్ళ ఇల్లాళ్ళందరూ ఒకేసారి వంట మర్చిపోయారంటారా?

ఇంకో లెక్క. 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్ళని, రానివాళ్ళని పక్కపక్కన పెట్టి చూసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనం 2004లో వచ్చింది. మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు సగటు వయసు 53. మిగతా దేశాల వాళ్ళకి 59కి కాస్త తక్కువ. అంటే ఆరేళ్ళ ముందే. పిల్ల పెళ్ళి, కొడుకు చదువు, ఇంటి అప్పు అన్నీ నెత్తిమీద ఉండే ఆరేళ్ళవి. దానికి కారణాల్లో ఎక్కువ భాగం తొమ్మిదింటిలోనే ఉన్నాయని వాళ్ళు తేల్చారు: పొగ, రక్తంలో కొవ్వుల తేడా, రక్తపోటు, చక్కెర, పొట్ట చుట్టూ కొవ్వు, మనసు మీది ఒత్తిడి, పండ్లూ కూరగాయలు తినకపోవడం, ఒళ్ళు కదలకపోవడం, మద్యం దగ్గరి తేడా. నేను కూర్చుని ఒక్కోటీ టిక్కు పెట్టాను. నా గరిటెకి సూటిగా తగిలేది ఒకటి, కూరగాయలు. నాలుగింటిలో నాకు పాలుంది, మొత్తం కాదు. మిగిలిన నాలుగూ, పొగ, మద్యం, ఒత్తిడి, నడక, నా వంటింట్లో ఎక్కడున్నాయో ఎవరైనా చూపిస్తే డబ్బా మూత తీసి చూస్తాను.

నా పాలు అన్నానే, అందులోనూ ఎంత నాదో చూద్దాం. పల్నాటి వైపు మా అమ్మమ్మ జొన్నన్నం వండేది. తెల్లన్నం పండగకీ, చుట్టాలొస్తేనూ. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక పేదిళ్ళలో కూడా రోజూ తెల్లన్నం ఉడికింది. ఆ బియ్యాన్ని నేను తిట్టను. ఆకలితో పడుకున్న పిల్లలకి అన్నం పెట్టిన పథకం అది. కానీ తరవాత నలభై ఏళ్ళుగా మన చౌకబియ్యం కార్డు మీద చౌకగా వస్తున్నది ఏమిటి? ప్రధానంగా బియ్యమే. ఇప్పుడు తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, సంతోషం. 2013లో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మహస్తం అని 185 రూపాయలకి 9 సరుకులిచ్చారు, గుర్తుందా? అందులో నూనె పామోలిన్. తిన్నంత తెల్లన్నం, పామోలిన్ తాలింపు, దానిమీద చింతపండు పులుసు. ఆ సరుకుల సంచీ పట్టుకొచ్చిన ఇల్లాలు అందులోంచి ఆలివ్ నూనె పిండగలదా?

ఆ జొన్నలు, కొర్రలు, అండుకొర్రలు ఇప్పుడేమయ్యాయో తెలుసుగా. గాజు సీసాల్లో, అందమైన లేబుళ్ళతో, ఏసీ కొట్లో ఉన్నాయి. కొర్రలు కిలో కొనాలంటే సన్నబియ్యం ధర దాటిపోతుంది. పేదవాళ్ళ గింజ డబ్బున్నవాళ్ళ మందయ్యింది. "మన పూర్వీకులు చిరుధాన్యాలు తినేవారు, అందుకే గట్టిగా ఉన్నారు, ఇప్పటి ఆడవాళ్ళకి బద్ధకం" అని వాట్సాప్‌లో పంపించే పెద్దమనుషులు ఆ కిలో ధర కూడా కింద రాసి పంపితే బావుణ్ణు. దంచేదెవరు, నానబెట్టేదెవరు అన్నది తరవాత మాట్లాడుకుందాం.

చట్టం ఒక్క గీత గీస్తే ఏమవుతుందో చూడండి. బేకరీ పఫ్‌లు, క్రీమ్ బన్నులు, స్వీట్ల కొట్టు జాంగ్రీల్లో వనస్పతి ద్వారా వచ్చే ట్రాన్స్ కొవ్వు గుండెకి పచ్చి విషమని డాక్టర్లు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. మన ఆహార భద్రతా సంస్థ నూనెలూ కొవ్వుల్లో దాన్ని 2021 జనవరి నుంచి 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి మించకూడదంది. ఏ తల్లీ బేకరీ వెనకాల కెళ్ళి డాల్డా డబ్బాలు లెక్కపెట్టలేదు. పెట్టాల్సిన పని ప్రభుత్వానిది. అదే సంస్థ ప్యాకెట్ల ముందువైపు ఉప్పూ చక్కెరా కొవ్వూ ఎంతున్నాయో తెలిసేలా గుర్తులు పెట్టే ముసాయిదా 2022లో తెచ్చింది. అందులో హెచ్చరిక గుర్తు లేదు, నక్షత్రాలున్నాయి! చిలీ దేశంలో 2016 నుంచీ ఉప్పెక్కువైతే ప్యాకెట్ ముందు నల్లటి ఎనిమిది పలకల ముద్ర కొడుతున్నారు, చదువు రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా. మనకేమో చిప్స్‌కి ఒకటిన్నర నక్షత్రమా, రెండా అని చర్చ. హోటల్‌కి ఇస్తారు నక్షత్రాలు. పిల్లవాడు ప్యాకెట్ మీద రెండు నక్షత్రాలు చూస్తే "అమ్మా, దీనికి రెండు స్టార్లు వచ్చాయే!" అని సంబరపడతాడు.

గాలి గురించి ఎవరూ మనల్ని తిట్టరు, ఎందుకంటే దాన్ని మనం వండలేదు. బయటి గాలి కాలుష్యంతో ముందే పోయేవాళ్ళలో సగానికి పైగా గుండెజబ్బుతో, పక్షవాతంతో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఊపిరితిత్తులనుకుంటాం కానీ, ఆ సన్నటి ధూళి రక్తంలో దూరి రక్తనాళాల్ని దెబ్బతీస్తుంది. ఆ ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ఆ సంస్థ అంటే, మన దేశం పెట్టుకున్న హద్దు 40. హద్దే ఎనిమిది రెట్లు! ఆ హద్దు లోపల ఉన్నా మనకి "గాలి బాగుంది" అనే చెప్తారు. ఇక పొయ్యి పొగ సంగతి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి గ్యాస్ పొయ్యి చాలా ఇళ్ళలోకి చేరింది, మంచి పని. కానీ సిలిండరు మళ్ళీ నింపించడానికి డబ్బు చాలని ఇళ్ళలో పొయ్యి గ్యాస్‌ది, వంట కట్టెలది. స్నానాల నీళ్ళకి ఇప్పటికీ పల్లెల్లో కట్టెలపొయ్యే. ఊదేది ఎవరు? సిగరెట్టు ముట్టని ఆడమనిషికి గుండెజబ్బు ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయేవాళ్ళు ఆ పొయ్యి ముందు పావుగంట కూర్చోండి.

"అయితే ఇల్లాలు ఏమీ చెయ్యక్కర్లేదా?" అని మా ఆయన అడిగారు, ఇది రాస్తున్నానని తెలిసి. చెయ్యాలి, కానీ ఒంటరిగా కాదు. ఎలాగో ఫిన్లాండ్ వాళ్ళు చేసి చూపించారు.

ఆ దేశంలో ఉత్తర కరేలియా అని చలి ప్రాంతం. అడవిలో కలప కొట్టేవాళ్ళు, చిన్న చిన్న పాడి రైతులు. 1960ల్లో గుండెజబ్బుతో మగవాళ్ళు పోవడంలో ఫిన్లాండ్‌ది ప్రపంచంలోనే పైస్థానం, ఆ దేశంలో ఈ ప్రాంతానిది పైస్థానం. రొట్టె మీద దళసరిగా వెన్న, పాలు మీగడతో సహా, ఉప్పేసిన పంది మాంసం, కూరగాయలంటే పశువుల మేత అన్న చిన్నచూపు, దానికితోడు పొగ. 1971లో అక్కడి వాళ్ళే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు, మా మగవాళ్ళు చచ్చిపోతున్నారు, ఏదో ఒకటి చెయ్యండని. 1972లో పెక్కా పుస్కా అనే కుర్ర డాక్టరు ఆధ్వర్యంలో పని మొదలైంది.

ఆయన తెలివి ఏమిటంటే, ఆస్పత్రిలో కూర్చుని కాగితాలు పంచలేదు. అక్కడ 1899 నుంచీ మార్తా సంఘం అని ఇల్లాళ్ళ సంఘం ఉంది, మన పొదుపు సంఘాల్లా ఊరూరా శాఖలు. వాళ్ళ దగ్గరికెళ్ళాడు. ఊళ్ళో సాయంత్రాలు అందరూ కూడేవారు. డాక్టరు కాసేపు మాట్లాడేవాడు, ఆడవాళ్ళు కొవ్వు తగ్గించి కూరగాయలు పెంచి అదే ఊరి వంటల్ని కొత్తగా వండేవారు, అందరూ కలిసి తినేవారు. మొగుళ్ళతో సహా! ఇంట్లో ఒక్కత్తి కూర మారిస్తే "ఇదేం గడ్డి" అని కంచం తోసేసే మనిషి, ఊరంతా తింటుంటే నోరు మూసుకుని తిన్నాడు. మనకి తెలియంది కాదు ఇది, పెళ్ళి భోజనంలో అడ్డమైనవీ తింటారు, ఇంట్లో పొట్లకాయ తినరు.

అక్కడితో ఆపి ఉంటే అదీ మన మహిళా వారపత్రికల వంటల పోటీలా మిగిలిపోయేది. ఆపలేదు. మాంసం కంపెనీని ఒప్పించి సాసేజీల్లో కొవ్వూ ఉప్పూ తగ్గించారు. తక్కువ వెన్న ఉన్న పాలు కొట్లోకి వచ్చాయి. పాలలో వెన్నశాతాన్ని బట్టి రైతుకి డబ్బిచ్చే పద్ధతి మార్చి, మాంసకృత్తుల వైపు మళ్ళించారు. మన డెయిరీల్లో ఫ్యాట్ ఎంతొచ్చిందని చూసి డబ్బిస్తారు చూడండి, అలాంటి పద్ధతే. వెన్న అమ్ముడుపోక పాడి రైతు నష్టపోతాడని, ఆ చలినేల మీద బాగా పండే బెర్రీ పండ్ల సాగుకి సాయం చేశారు. 1970ల్లోనే పొగాకు చట్టం తెచ్చారు. ఉప్పెక్కువున్న సరుకు మీద ఆ మాట రాయించారు. ముప్పై అయిదేళ్ళు తిరిగేసరికి పనిచేసే వయసు మగవాళ్ళలో గుండెజబ్బు చావులు 80 శాతానికి పైగా తగ్గాయి. ఆడవాళ్ళలోనూ తగ్గాయి. గరిటె తిప్పింది ఆడవాళ్ళే, కాదనను. కానీ ఫ్యాక్టరీ, కొట్టు, పొలం, చట్టం, అన్నీ ఆ గరిటెకి దారిచ్చాయి.

ఫిన్లాండ్ డబ్బున్న దేశం అంటారేమో. అప్పటికి ఉత్తర కరేలియా ఆ దేశంలో వెనకబడ్డ ప్రాంతం. పోనీ, మన హైదరాబాదు పక్కన జరిగింది చెప్తాను. 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు చుట్టుపక్కల 29 ఊళ్ళలో ఒక పరిశీలన. అందులో 15 ఊళ్ళలో గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, చిన్నపిల్లలకి రోజూ అంగన్‌వాడీలో వండిన ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో. మిగతా 14 ఊళ్ళలో పథకం ఇంకా మొదలవలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలూ తోటివాళ్ళూ మళ్ళీ వెతికి పట్టుకుని పరీక్షలు చేశారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు ఓ సెంటీమీటరున్నర పొడవు ఎక్కువున్నారు. వాళ్ళ రక్తనాళాలు కాస్త మెత్తగా సాగుతున్నాయి, ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది. ఈ రెండూ పెద్దయ్యాక గుండెకి కొమ్ముకాసేవే.

తల్లి తిన్న ఉప్మా! నాకిది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. యాభై మూడేళ్ళ మగాడి గుండెని ఆయన పెళ్ళాం నూనెలో వెతుకుతున్నారే, ఆయన్ని మోసిన తొమ్మిది నెలల్లో ఆయన తల్లి ఏం తిందో ఎవరైనా అడిగారా? అందరూ తిన్నాక, కూర గిన్నె అడుగు గీకి, మజ్జిగలో అన్నం కలుపుకుని తినింది. ఆ పద్ధతి పోయిందనుకుంటున్నారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతానికి రక్తహీనత. అదే సర్వేలో మూడో వంతుకి పైగా అధిక బరువు. లావూ, రక్తం లేకపోవడమూ రెండూ కలిసి ఒకే రాష్ట్రంలో, చాలాసార్లు ఒకే ఒంట్లో. పారేస్తే పాపమని రాత్రి మిగిలిన అన్నం తినేది మనమే, గుడ్డు ఒకటి తక్కువైతే వద్దనేదీ మనమే.

మా ఆడపడుచుకి రెండు రోజులు దవడ లాగింది, వీపు నొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇంట్లో అందరూ గ్యాస్ అన్నారు, ఆవిడా గ్యాసే అనుకుంది. మజ్జిగలో ఇంగువ వేసుకుని తాగి, ఇరవై మందికి తద్దినం వంట చేసింది. మూడో రోజున ఆస్పత్రిలో తేలింది గుండెపోటని. ఆడవాళ్ళకి ఛాతీలో ఏనుగు తొక్కినట్టు రాకుండా ఇలా దొంగదారిన రావడం తక్కువేమీ కాదు, ఇది మాత్రం మీ చెల్లెళ్ళకీ అమ్మలకీ చెప్పండి. ఇంటికి పంపేటప్పుడు మళ్ళీ కాగితం వచ్చింది. ఈసారి ఎవరి చేతిలో పెట్టారో ఊహించండి. పక్కన మా అన్నయ్యగారు, ఆవిడ భర్త, నిలబడే ఉన్నారు. దాటుకుని వెళ్ళి కోడలి చేతిలో పెట్టారు.

ఆ కాగితంలో "రోజూ అరగంట వేగంగా నడవండి" అని ఉంది. ఎక్కడ నడవాలి? ఫుట్‌పాత్ మీద మిర్చిబజ్జీ బండి, దాని పక్కన బైకులు, ఆ పక్కన మూత లేని మురిక్కాలువ. పొద్దున్నే అయిదింటికి వెళ్దామంటే చీకటి, గొలుసు లాక్కుపోతారని భయం. ఏడింటికంటే క్యారేజీలు. మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళం మేడ మీద నీళ్ళ ట్యాంకుల చుట్టూ గానుగెద్దుల్లా తిరుగుతాం. మేడ తాళం వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఎక్కడో. గుండె బద్దలయ్యాక స్టెంటు వెయ్యడానికి 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది, 2017లో కేంద్రం స్టెంటు ధరకి కళ్ళెం వేసింది, ఆ రెండూ ఎందరి ప్రాణాలో నిలబెట్టాయి. బద్దలవ్వకముందు ఆ గుండె నడవడానికి ఒక వీధి దీపం అడిగితే మాత్రం బడ్జెట్ లేదు.

మా కాలనీ పార్కుకి పొద్దున్నే ఆరున్నరకి గానీ గేటు తియ్యరు. వచ్చే నెల వార్డు సభలో అడగబోతున్నాను, అయిదింటికి తియ్యాలి, లోపల దీపాలు వెయ్యాలి, గర్భిణులకి అంగన్‌వాడీలో గుడ్లు ఏ రోజు ఎన్నొస్తున్నాయో పలక మీద రాసి బయట పెట్టాలి. నలుగురు ఆడవాళ్ళు నాతో వస్తామన్నారు. అందులో మూడో అంతస్తు ఆవిడ నోటీసు చదివి అడిగింది, "ఇదేంటండీ, సభ పొద్దున్న ఎనిమిదింటికి పెట్టారు, మనం వంటలో ఉంటాం కదా?" అని. టైము మార్చమనడం మొదటి డిమాండుగా రాశాం.